ఎవరి పిల్లలకు బడి?

2020 మార్చి 24న దేశమంతటినీ మూసివేస్తూ కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వుకు కొద్ది పుటల మార్గదర్శకాలు జతపరిచారు. రాజ్యం తనకు ఎవరి శ్రమ అత్యవసరమో, ఎవరి శ్రమ లేకపోయినా కొన్నాళ్ళు గడుస్తుందో ఇంత నిక్కచ్చిగా కాగితం మీద పెట్టిన సందర్భాలు అరుదు. పోలీసులు, జిల్లా యంత్రాంగం, ఆసుపత్రుల సిబ్బంది, విద్యుత్తు, నీరు, పారిశుద్ధ్యం, రేషన్ దుకాణాలు, బ్యాంకులు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు, శీతల గిడ్డంగులు, ప్రైవేటు సెక్యూరిటీ గార్డులు, పత్రికలు, టీవీ ఛానళ్ళు అందులో ఉన్నాయి. కార్యాలయాలు, దుకాణాలు, పరిశ్రమలు, రవాణా వంటి ఒక్కొక్క మూసివేత నిబంధన కింద మినహాయింపుల వరుస ఒకటి కనిపిస్తుంది. విద్యాసంస్థల నిబంధన మాత్రం ఒక్క వాక్యం. బడులు, శిక్షణ కేంద్రాలు, కోచింగ్ సెంటర్లు అన్నీ మూసి ఉండాలి. దాని కింద మినహాయింపు ఏదీ లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. నర్సు విధులకు హాజరు కావలసిందే. ఆమె ఆరేళ్ళ బిడ్డ చదివే బడి మూసి ఉండవలసిందే. ఆమె ఆసుపత్రిలో ఉండే పన్నెండు గంటలూ ఆ బిడ్డ ఎక్కడ ఉండాలన్నది ఉత్తర్వు రాసినవారి ఊహలోకి రాలేదు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటుందనుకున్నారు కాబోలు. అరవై అయిదేళ్ళు దాటినవారు ఇల్లు కదలరాదని, వారికే ముప్పు ఎక్కువని అంతకు కొద్ది రోజుల ముందే ప్రకటించిన ప్రభుత్వం, ఆసుపత్రి నుంచి తిరిగివచ్చే కూతురి బిడ్డను ఆ పెద్దావిడ ఒడిలోనే పెట్టింది. దీన్ని ఎవరూ విధాన నిర్ణయమని పిలవలేదు. కుటుంబం చూసుకుంటుందనే నమ్మకం ఈ దేశంలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, అది ఒక ఊహ మాత్రమేనన్న సంగతి కూడా అధికారులకు గుర్తుండదు.

దీనికి నాలుగు రోజుల ముందు, మార్చి 20 శుక్రవారం బడి గంట మోగిన తర్వాత ఇంగ్లండులో పాఠశాలలు మూతపడ్డాయి. కానీ అక్కడ రెండు రకాల పిల్లల కోసం బడి తలుపు తెరిచే ఉంచారు. మొదటిది, మహమ్మారిని ఎదుర్కోవడంలో తప్పనిసరి అయిన ఉద్యోగుల పిల్లలు. రెండోది, సామాజిక కార్యకర్త పర్యవేక్షణలో ఉన్న పిల్లలు, ప్రత్యేక విద్యావసరాలకు చట్టబద్ధమైన ప్రణాళిక పొందిన పిల్లలు. ఎవరి ఉద్యోగం తప్పనిసరి అనే ప్రశ్నకు ప్రభుత్వం ఎనిమిది విభాగాలతో ఒక జాబితా ప్రకటించింది. వైద్యం, వృద్ధుల సంరక్షణ, విద్య, న్యాయవ్యవస్థ, ఆహార సరఫరా, భద్రత, రవాణా, బ్యాంకులు, టెలికాం అందులో చేరాయి. మతాధికారులు ఉన్నారు. ప్రజాప్రయోజన ప్రసారాలు అందించే పాత్రికేయులూ ఉన్నారు. సూపర్ మార్కెట్లకు సరుకు చేర్చే లారీ డ్రైవరు కొడుకు, ఆసుపత్రి వైద్యుడి కూతురు ఒకే గదిలో కూర్చునే అర్హత సంపాదించారు. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఆ జాబితాలో ఉన్నా చాలు. అయితే బిడ్డను ఇంట్లో ఉంచగలిగితే ఉంచాలన్న హితవు కూడా జతచేశారు.

ఆ జాబితా గొప్పదని చెప్పడం ఉద్దేశం కాదు. ఏ జాబితా అయినా మనుషుల్ని వరుసలో నిలబెడుతుంది. బ్యాంకు ఉద్యోగి పిల్లవాడికి చోటుండి, ఉద్యోగం పోయి ఒక్క గదిలో నలుగురు పిల్లలతో మిగిలిన తల్లికి లేకపోవడం ఏ న్యాయమని అక్కడివాళ్ళే అడిగారు. సామాజిక కార్యకర్తల పర్యవేక్షణలో ఉన్న పిల్లల కోసం తలుపు తెరిచినా, మొదటి వారాల్లో వారిలో అత్యధికులు రానేలేదు. బడికి వెళితే తమ బిడ్డ మీద ఆపదలో ఉన్న పిల్లవాడనే ముద్ర పడుతుందని తల్లిదండ్రులు వెనుకాడారు. ఉచిత భోజనం మీద ఆధారపడిన పిల్లలకు వేసవి సెలవుల్లో తిండి పెట్టేది లేదని అదే ప్రభుత్వం మొండికేస్తే, మార్కస్ రాష్‌ఫర్డ్ అనే ఇరవై రెండేళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు బహిరంగ లేఖ రాసి, 2020 జూన్‌లో దాన్ని దిగివచ్చేలా చేయవలసి వచ్చింది.

ఆ లోపాలన్నీ కంటికి కనిపించడానికి కారణం జాబితా కాగితం మీద ఉండటమే. 2021 జనవరిలో బడులు రెండోసారి మూతపడినప్పుడు నిబంధన మారింది. ఇంట్లో చదువుకోవడానికి కంప్యూటరు లేని పిల్లలను, నిశ్శబ్దంగా కూర్చునే మూల లేని పిల్లలను కూడా పాఠశాల తన విచక్షణతో రమ్మనవచ్చునన్నారు. ఆ జనవరిలో ప్రభుత్వ బడుల పిల్లల్లో దాదాపు 14 శాతం రోజూ హాజరయ్యారు. ఇంతమంది వస్తే మూసివేతకు అర్థమేమిటని కొందరు, ఇంకా ఎందరో బయటే ఉండిపోయారని మరికొందరు వాదించుకున్నారు. ఆ వాదన జరగడానికి చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద ఎవరి సంతకమో తెలుసు.

ఇక్కడ ఆ కాగితమే లేదు. యూనిసెఫ్ లెక్క ప్రకారం భారతదేశంలో 15 లక్షల బడులు మూతపడ్డాయి. 24.7 కోట్ల మంది విద్యార్థులు ఇంట్లో ఉండిపోయారు. అంగన్‌వాడీలకు వెళ్ళే 2.8 కోట్ల మంది చిన్నపిల్లలు వీరికి అదనం. వీరిలో ఎవరికి బడి ఇతరులకంటే అత్యవసరం అన్న ప్రశ్నను కేంద్రం రాష్ట్రాలను అడగలేదు, రాష్ట్రాలు కలెక్టర్లను అడగలేదు. పార్లమెంటులో దాని మీద గట్టి చర్చ ఏదీ జరగలేదు. మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు వైద్య సిబ్బంది కోసం పళ్ళాలు మోగాయి. మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. పూలు చల్లించుకున్నవారి పిల్లలు ఆ ఉదయం ఎవరి దగ్గర ఉన్నారో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆశా కార్యకర్త సంగతి చూస్తే ఈ మౌనం ఎంత బరువైనదో అర్థమవుతుంది. దేశంలో దాదాపు పది లక్షల మంది ఆశాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాశారు, ఊరికి తిరిగివచ్చిన వలస కూలీలకు క్వారంటైన్ ముద్రలు వేసిన ఇళ్ళ మీద కన్నేసి ఉంచారు. ప్రభుత్వం వీరిని ఉద్యోగులని కూడా ఒప్పుకోదు. స్వచ్ఛంద సేవకులంటుంది, జీతానికి బదులు ప్రోత్సాహకాలు ఇస్తుంది. వైద్య సిబ్బంది మీద దాడులు పెరిగి, 2020 ఏప్రిల్‌లో అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తేవలసివచ్చిన రోజులవి. ఊరు తనను అనుమానంగా చూస్తున్న వేళ తన బిడ్డను ఏ పొరుగింట్లో దించి వెళ్ళగలదు ఆ తల్లి? అంగన్‌వాడీ కార్యకర్త పరిస్థితి మరీ విచిత్రం. ఊళ్ళో పసిపిల్లలను చూసుకునే ఏకైక ప్రభుత్వ స్థలం ఆమె కేంద్రమే. దాన్ని మూయించి, అక్కడి కోడిగుడ్లు, పాలు, పప్పు ఇంటింటికీ మోసుకెళ్ళే పని ఆమెకే అప్పగించారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ప్రకటించినప్పుడు నేతలందరూ అభినందనలు తెలిపారు.

జాబితా తయారుచేయకపోవడానికి కారణాలు లేకపోలేదు. మొదటిది భయం, అది న్యాయమైన భయమే. వైరస్ పిల్లల మీద ఎలా పనిచేస్తుందో 2020 వసంతంలో ఎవరికీ తెలియదు. రెండోది, శ్రామికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్న దేశంలో ఎవరి పని అత్యవసరమో రుజువు చేసే కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? కూరగాయల బండి తోసే స్త్రీకి గుర్తింపు కార్డు ఎవరిస్తారు? మూడో కారణాన్ని పైకి చెప్పరు. ఇక్కడ అత్యవసర సేవల జాబితా రాస్తే అది చాలా చోట్ల కులాల జాబితాగా కూడా మారుతుంది. పారిశుద్ధ్య కార్మికులు ఏ కులాలవారో తెలియని మున్సిపాలిటీ లేదు. వారి పిల్లలను, కోవిడ్ వార్డు నర్సుల పిల్లలను ఒక బడి గదిలో కూర్చోబెడితే ఆ వీధి ఊరుకునేదా? అద్దె ఇళ్ళు ఖాళీ చేయమని వైద్యులనే ఒత్తిడి చేసిన సమాజం ఇది. ఇవి బలమైన అడ్డంకులే. కానీ ఇలాంటి అడ్డంకులు ఉన్నచోటనే ప్రభుత్వం ముందుకు వచ్చి నిర్ణయం తీసుకోవాలి. అది తప్పుకుంటే నిర్ణయం ఆగదు, ఇతరుల చేతుల్లోకి పోతుంది.

అలాగే పోయింది. మొదట ఫోను నిర్ణయించింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు దాదాపు 24 శాతం, గ్రామాల్లో 15 శాతం లోపే. కంప్యూటరు ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం. ఈ లెక్కలు ప్రభుత్వ అలమరాల్లోనే ఉన్నాయి. అయినా ఆన్‌లైన్ తరగతే బడి అని ప్రకటించారు. మహమ్మారి కాలంలో స్మార్ట్‌ఫోన్ల కొనుగోళ్ళు పెరిగిన మాట నిజమే. అసర్ నివేదికల ప్రకారం బడిలో చేరిన పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతమైతే 2021 నాటికి 67.6 శాతం. కానీ ఇంట్లో ఫోను ఉండటం, అది బిడ్డ చేతికి రావడం రెండు వేర్వేరు సంగతులు. ఫోను ఉన్న ఇళ్ళలోనే నాలుగో వంతుకు పైగా పిల్లలకు అది అందలేదు. ఫోను తండ్రిది, తండ్రి పొద్దున్నే పనికి వెళతాడు. సాయంత్రం తిరిగొచ్చాక ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఇంగ్లండులో మంత్రివర్గం చెప్పిన జవాబును ఇక్కడ అలసిపోయిన తండ్రి చెప్పాడు. అతడు అన్నకు ఇచ్చాడా, చెల్లెలికి ఇచ్చాడా అన్నది ఏ గెజిట్‌లోనూ కనిపించదు.

జీన్ డ్రెజ్, రీతిక ఖేరా తదితరుల ఆధ్వర్యంలో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద బస్తీల్లో దాదాపు 1,400 మంది పిల్లలను కలిసి 2021 సెప్టెంబరులో వెలువరించిన సర్వే, ఈ ఏర్పాటు ఫలితాన్ని చెప్పింది. గ్రామాల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతం. అసలు చదువన్నదే లేనివారు 37 శాతం. పట్టణ బస్తీల్లోనూ క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగినవారు 24 శాతమే.

ఫోను తర్వాత ఫీజు. చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలను బకాయి తీరేదాకా తరగతి లింకు నుంచి తొలగించడం చాలాచోట్ల జరిగింది. 2021 మే 3న రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు ఫీజుల్లో 15 శాతం తగ్గించాలని, ఫీజు కట్టలేదన్న కారణంతో ఏ విద్యార్థినీ ఆన్‌లైన్ తరగతికి గానీ ప్రత్యక్ష తరగతికి గానీ దూరం చేయరాదని చెప్పేదాకా ఒక విద్యా సంవత్సరం గడిచిపోయింది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పొందిన పేద పిల్లల కథ ఇంకా చేదైనది. వారికి ఫోన్లు, ఇంటర్నెట్ ఉచితంగా ఇవ్వాలని 2020 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో, జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఈ పిల్లల అవసరాలను విస్మరించలేమంటూ ప్రణాళికతో రమ్మని ఢిల్లీ ప్రభుత్వాన్ని ఆదేశించేసరికి, బడులు తిరిగి తెరిచే చర్చ మొదలైంది. ధనికుల పిల్లల పక్కన కూర్చునే హక్కును చట్టం ఇచ్చింది. తరగతి తెర మీదికి మారిన నాడు ఆ కుర్చీయే మాయమైంది.

తెరిచే వరుసలో కూడా ఇదే తీరు. 2020 సెప్టెంబరు 21 నుంచి తొమ్మిది మొదలు పన్నెండు తరగతులవారు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో, ఉపాధ్యాయుల సలహా కోసం బడికి వెళ్ళవచ్చునని కేంద్రం అనుమతించింది. అక్టోబరు 15 నుంచి నిర్ణయం రాష్ట్రాలది. అదే అక్టోబరు 15 నుంచి సినిమా హాళ్ళు సగం సీట్లతో తెరుచుకోవచ్చునని కూడా అన్నారు. రాష్ట్రాలన్నీ దాదాపు ఒకే దారి పట్టాయి. బోర్డు పరీక్షలున్న తరగతులు ముందు, పసిపిల్లలు చివర. ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టి 2021 ఫిబ్రవరి 1కి ప్రాథమిక తరగతుల దాకా వచ్చింది. తెలంగాణ 2021 ఫిబ్రవరి 1న పెద్ద తరగతులను, నెలాఖరుకు ఆరు నుంచి ఎనిమిది తరగతులను తెరిచి, మార్చి 24న మళ్ళీ అన్నీ మూసింది. ప్రాథమిక తరగతులు ఆ విద్యా సంవత్సరంలో తెరుచుకోనేలేదు. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లవాడు తొలిసారి తరగతి గదిలో కూర్చునేసరికి 2021 సెప్టెంబరు వచ్చింది, అతడు రెండో తరగతిలో ఉన్నాడు. టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ప్రసారమైన పాఠాలు కూడా మూడో తరగతి నుంచి పైవారికే.

పరీక్ష ఉన్నవారు ముందు అన్న ఈ సూత్రాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం గమనించదగింది. ఈ దేశంలో బడి అంటే పరీక్షకు తయారుచేసే చోటు. అక్షరాలు నేర్చుకునే ఏడేళ్ళ పిల్లకు బోర్డు పరీక్ష లేదు కాబట్టి తొందరా లేదు. వైద్య శాస్త్రం మాత్రం దీనికి విరుద్ధంగా చెప్పింది. 2021 జులై 20న భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరాం భార్గవ, చిన్నపిల్లలు వైరస్‌ను పెద్దలకంటే బాగా తట్టుకుంటారు గనుక తెరవదలిస్తే ముందు ప్రాథమిక పాఠశాలలనే తెరవడం మేలని, సిబ్బంది అందరికీ టీకాలు వేయించాలని అన్నారు. అదే రోజు విడుదలైన నాలుగో సీరో సర్వే ప్రకారం ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే వైరస్ సోకిపోయింది. బడికి పంపకుండా కాపాడామనుకున్న పిల్లల్లో సగానికి పైగా ఇంట్లోనే, వీధిలోనే దాన్ని ఎదుర్కొన్నారు. ఆ సలహాను పాటించి వరుసను తిరగేసిన పెద్ద రాష్ట్రం కనబడదు.

తెలంగాణ గురుకులాల ఉదంతం దగ్గర మరికొంచెం ఆగాలి. 2021 సెప్టెంబరు 1న అన్ని తరగతులూ తెరవాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంతకు ముందు రోజు హైకోర్టు జోక్యం చేసుకుని, ప్రత్యక్ష తరగతులకు రావాలని ఎవరినీ బలవంతపెట్టరాదని, గురుకులాలను, సంక్షేమ వసతి గృహాల విద్యాలయాలను అప్పుడే తెరవరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు ఆందోళనకు ఆధారం ఉంది. ఆ మార్చిలో గురుకులాల్లో, హాస్టళ్ళలో పిల్లలకు వైరస్ సోకిన వార్తలు వరుసగా వచ్చాయి. ఒకే హాలులో పడకలు, ఒకే భోజనశాల ఉన్నచోట దూరం పాటించడం మాటల్లోనే సాధ్యం. అక్టోబరు 20న హైకోర్టు అనుమతించేదాకా, అంటే దాదాపు యాభై రోజులు, ఆ ఆంక్ష కొనసాగింది.

ఈ యాభై రోజుల్లో రాష్ట్రంలో ఎవరి పిల్లలు బడికి వెళ్ళారు, ఎవరి పిల్లలు వెళ్ళలేదు? పట్టణాల్లోని ప్రైవేటు బడి పిల్లవాడు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే బడికి, ఒప్పుకోకపోతే ఆన్‌లైన్‌కు వెళ్ళాడు. అతడికి రెండు దారులున్నాయి. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలకోసం, మైనారిటీల కోసం కట్టిన గురుకులాల విద్యార్థులకు మొదటి దారిని ఉత్తర్వు మూసింది, రెండో దారిని పేదరికం మూసింది. గురుకులం వారికి చదువు చెప్పే చోటు మాత్రమే కాదు. మూడు పూటలా తిండి, దీపం, పుస్తకం పెట్టుకునే పెట్టె, ఆడపిల్లకైతే పెళ్ళి ప్రస్తావన చేరని దూరం అక్కడే ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు పత్తి ఏరే కాలమని ఆ జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. న్యాయమూర్తులు పిల్లల ఆరోగ్యం కోరే ఆ ఉత్తర్వు ఇచ్చారు, అందులో సందేహం లేదు. రాష్ట్రం ముందుగానే ఆలోచించి గదికి ఇంతమంది, ఇన్ని పరీక్షలు, ఇన్ని ఐసొలేషన్ పడకలు అని ప్రణాళిక చూపి ఉంటే ఆ ఆంక్ష అంత విస్తృతంగా, అంత కాలం ఉండేదా అన్నది అడగవలసిన ప్రశ్న. ఏడాదిన్నర వ్యవధి ఉండి కూడా, బడి అవసరం అందరికంటే ఎక్కువ ఉన్న పిల్లలను వరుసలో చివర నిలబెట్టారు.

ఉపఖండంలో ఇతరులు ఏం చేశారన్నది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాకిస్తాన్ 2020 సెప్టెంబరులోనే పై తరగతులతో మొదలుపెట్టి నెలాఖరుకు ప్రాథమిక తరగతులు తెరిచింది, తర్వాత అలల వెంట మూస్తూ తెరుస్తూ పోయింది. బంగ్లాదేశ్ ఏడాదిన్నర పాటు బడి తలుపే తీయలేదు. 2021 సెప్టెంబరు 12న తెరిచినప్పుడు పరీక్ష రాయవలసినవారితో పాటు అయిదో తరగతి పిల్లలకు కూడా రోజూ, తక్కిన తరగతులకు వారానికి ఒక రోజు అని నిర్ణయించింది.

మూసివేత కాలంలో బడి భవనాలు ఖాళీగా ఉన్నాయనుకుంటే పొరపాటు. అవి క్వారంటైన్ కేంద్రాలయ్యాయి, టీకా కేంద్రాలయ్యాయి. 2020 డిసెంబరు 1న హైదరాబాదు నగరపాలక ఎన్నికలు జరిగినప్పుడు పిల్లలు రాకూడని బడి గదుల్లోకి ఓటర్లు వచ్చారు. ఉపాధ్యాయులూ ఖాళీగా లేరు. 2020 మేలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో కొందరు ప్రభుత్వ ఉపాధ్యాయులను ఆ దుకాణాల ముందు జనాన్ని అదుపు చేసే విధులకు నియమించారు. అత్యవసరం అన్న మాటకు ఇంతకంటే నిజాయితీ గల నిర్వచనం ఏ మార్గదర్శకాల్లోనూ దొరకదు. ఇదే సమయంలో ట్యూషన్లు వర్ధిల్లాయి. అసర్ ప్రకారం ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు 2018లో 28.6 శాతమైతే 2021లో 39.2 శాతం. బడి గదిలో ముప్పైమంది కూర్చోవడం ప్రమాదమని మూసిన వీధిలోనే, ఒక ఇంటి ముందు గదిలో పదిహేనుమంది చాప మీద కూర్చున్నారు. నెలనెలా ఇవ్వగలిగినవారి పిల్లలకు ప్రత్యక్ష బోధన ఆగలేదన్నమాట. కర్ణాటక 2020 ఆగస్టులో విద్యాగమ పేరుతో ప్రభుత్వ ఉపాధ్యాయులనే ఊళ్ళలోని చెట్ల కిందికి, గుడి అరుగుల మీదికి పంపి ఈ తేడాను కొంత తగ్గించ చూసింది. పిల్లలకు వైరస్ సోకిందన్న వార్తలతో అక్టోబరులో దాన్ని ఆపేశారు. ట్యూషన్లను ఆపినవారు లేరు.

తిండి లెక్క కూడా ఇందులో భాగమే. మధ్యాహ్న భోజనం తినే పిల్లలు దాదాపు 11.8 కోట్లు. బడులు మూసిన రెండు రోజులకే, 2020 మార్చి 18న, సుప్రీంకోర్టు ఈ సంగతి స్వయంగా చేపట్టి రాష్ట్రాలను అడిగింది. చాలా రాష్ట్రాలు బియ్యం, పప్పు ఇళ్ళకు పంపాయి. 2021 మేలో కేంద్రం ఒక్కొక్క బిడ్డకు ఒకేసారి వంద రూపాయల చొప్పున అదనంగా ఇవ్వాలని నిర్ణయించింది. ఇంటికి చేరిన బియ్యం ఇంటివారందరి బియ్యం. బడిలో వడ్డించిన పళ్ళెం ఒక్కటే ఆ బిడ్డదిగా ఉండేది.

నష్టం ఎంతన్నది తర్వాత కొలిచారు. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన గ్రామీణ పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. 2018 నాటి అంకె కూడా తలదించుకోవలసినదే. ఆ పిల్లలు ఇప్పుడు ఉన్నత పాఠశాలల్లో ఉన్నారు. ఏ రాష్ట్ర శాసనసభా, 2020-22 మధ్య ఏ పిల్లలను ఏ ప్రాతిపదికన ముందు పిలిచాం, ఎవరిని వెనక నిలిపాం అని కూర్చుని విచారించలేదు.

విచారించకపోవడం వల్ల అదే తీరు మళ్ళీ వచ్చింది, ఈసారి వైరస్ లేకుండానే. 2024 నవంబరు మధ్యలో ఢిల్లీ గాలి ఊపిరి తీయలేనంతగా చెడినప్పుడు రాజధాని ప్రాంతంలో తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మారాయి. ఇటుకబట్టీల పొగ, వాహనాల పొగ పీల్చే బస్తీ పిల్లవాడిని గాలి శుద్ధి చేసే యంత్రం లేని గదిలోకి, ఫోను లేని చదువులోకి పంపారు. నవంబరు 25న సుప్రీంకోర్టులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ మసీహ్ ధర్మాసనం ఈ సంగతులన్నీ పేరు పేరునా ప్రస్తావించింది. చాలామందికి మధ్యాహ్న భోజనం పోతోంది, ఆన్‌లైన్ సదుపాయం లేదు, ఇంట్లోనూ బడిలోనూ గాలి ఒకటే అంటూ, మూసివేతను సడలించే విషయం ఆలోచించమని గాలి నాణ్యత కమిషన్‌కు సూచించింది. కమిషన్ వెంటనే కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఆన్‌లైన్ వీలైన చోట తరగతులు రెండు విధాలుగానూ జరగాలి. బడికి రావాలా, ఇంట్లో తెర ముందు కూర్చోవాలా అన్న నిర్ణయం విద్యార్థులకు, తల్లిదండ్రులకే వదిలేశారు.